చూరు మూడు అడుగులు

ఇబ్రహీంపట్నం
ఫిబ్రవరి 9

బిడ్డా యమునా,

గోడ ఊపిరి పీల్చదు. పోయిన ఉత్తరంల నువ్వు "మట్టి గోడ ఊపిరి పీల్చుకుంటది అమ్మమ్మా" అని రాసినవ్. ఊపిరి పీల్చేటియి ప్రాణమున్నయి. మట్టి గోడ గాలిలోని తేమను లోపలికి తీసుకుంటది, ఎండకు బయటికి వదులుతది. అంతే. ముప్పై ఆరేండ్లు సామాన్యశాస్త్రం చెప్పినదాని మనుమరాలు, అందుల ఇండ్లు కట్టే చదువు చదివిన పిల్ల, ఇట్ల రాస్తే నలుగురు నన్నంటరు.

ఫోన్ల మాట్లాడుమని మళ్ల అడిగినవ్. ఆ చెవి మిషన్ పెట్టుకుంటే నీ గొంతుకంటె పక్కింటి కుక్కర్ ఈలనే ఎక్కువ వినబడ్తది. ఉట్నూరు అడవిల నీకు సిగ్నల్ లేదు, ఇక్కడ నాకు చెవి లేదు. పోస్టాఫీసు ఇంక బతికే ఉన్నది, దాన్ని బతకనియ్యి.

ఇక పని సంగతి. పెరట్ల కప్పు మొయ్యడానికి రాతి కడీలు నాటిండ్రు. నువ్వు చెప్పినట్టే ముందు కప్పు, తర్వాత ఆ కప్పు నీడల గోడలు. పక్కింటి రమాకాంత్ ప్రహరీ మీదికెళ్లి తొంగి చూసి, "టీచరమ్మా, లోకమంత ముందుకు పోతుంటే మీరు మట్టింటికి వెనుకకు పోతున్నరా?" అన్నడు. "మీ ఇంటికి రెండు ఏసీలు పెట్టినా చెమటతోనే బయటికొస్తున్నవ్ గద నాయినా, ఆ ముందు మాకొద్దులే" అన్న. తల లోపలికి తీసుకున్నడు.

ఇమామ్ బీ మురిసిపోతున్నది. బడిల ముప్పై ఏండ్లు గంట కొట్టిన మనిషి, ఇప్పుడు మేస్త్రి ఆలస్యమైతే పళ్లెం మీద గరిటెతోని కొడుతున్నది. పోయిన మే నెలల ఈ స్లాబ్ కింద ఎండదెబ్బ తగిలి ఐదు రోజులు దవాఖానల పడుకున్న సంగతి నువ్వు చూసినవే. ఏసీ గాలికి ఆమెకు దమ్ము లేస్తది, ఊపిరాడదు. కూలరేమో స్లాబ్ వేడినే గదంత తిప్పుతది. ఎండలు ముదిరేలోపు ఆమెను మట్టి గదిల పెట్టాలెనని నీ ఆజ్ఞ. నేను నీ చప్రాసిని.

మేస్త్రి మల్లేశయ్యను నువ్వే వెతికినవ్ గని, వాడు నాలుగో తరగతిల నా శిష్యుడని నీకు తెల్వదు. లెక్కల పరీక్ష తప్పి బడి ఇడిసిపెట్టిండు. ఇప్పుడు అరవై దాటినయి. అయినా నేను పెరట్లకు పోతే తలగుడ్డ తీసి చేతుల పట్టుకుంటడు.

నీ గీతల కాగితంల ఒకట్రెండు తప్పులు కనబడ్డయి. ఎర్ర పెన్నుతోని దిద్దిన. ఫికర్ చెయ్యకు. రేపు వాసాలు కోస్తరు.

నీ అమ్మమ్మ
రుక్కమ్మ


ఉట్నూరు
ఫిబ్రవరి 18

అమ్మమ్మకు దండాలు.

సరే, గోడ ఊపిరి పీల్చదు. ఒప్పుకున్న. పరీక్ష పాసైనట్టేనా?

కాని ఏ తప్పులు దిద్దినవ్? జర విడమరిచి రాయి. మా ఆఫీసుల నలుగురు చూసిన కాగితమది. నువ్వు ఎర్ర పెన్ను తీసినవంటే నేను ఇప్పటికీ రాసినదంత మొదటి నుంచి మళ్ల చదువుకుంట.

అడుగున రాతి కట్టు మోకాలెత్తుకు తగ్గనియ్యకు. గోడ ఒక్కసారికి మూరెడే లేపాలె, అది ఆరినంకనే పై మూర. మల్లేశయ్య తాతకు ఇది నాకంటె బాగ తెలుసు, ఆయన చేతులకు అడ్డం పోకు. అన్నిటికంటె ముఖ్యం చూరు. కప్పు గోడ దాటి మూడు అడుగులు బయటికి రావాలె. మట్టి గోడకు ఆరేదాక వాన తగలొద్దు. చూరే దాని గొడుగు.

ఇక్కడ ఆడపిల్లల హాస్టల్ సగం అయింది. మట్టి, వెదురు. వానలు పడకముందు అరవై మంది పిల్లలను రేకుల షెడ్డుల నుంచి ఇందులకు మార్చాలె. నేను తప్ప చూసుకునేటోళ్లు లేరు. ఇమామ్ బీ నానీ ఎట్లున్నది? ఆమెను నీళ్లు తాగుమని చెప్పు. నువ్వు చెప్తే తాగదు, నేను చెప్పిన్నని చెప్పు.

ఎవరి ఫోన్లనన్న గది ఫోటో తీపించి పంపు.

యమున


ఇబ్రహీంపట్నం
మార్చి 3

బిడ్డా,

నీ ఉత్తరం పెంకులు కప్పినంక వచ్చింది. చూస్తే చిన్న బడి గది లెక్కున్నది, ముచ్చటగ.

మట్టి సంగతి చెప్త విను. నువ్వు సీసాల మట్టి పోసి, నీళ్లు పోసి, ఇసుక ఎంత బంక ఎంత చూడుమన్నవ్. చూసిన. ఒక పూటంత ఆ సీసా ముందట కూర్చొని కొలిచి, చెరువు దిక్కు మట్టిల బంక ఎక్కువున్నది, పగుళ్లిస్తదని తేల్చిన. అంతల మల్లేశయ్య వచ్చి చిటికెడు నాలుక మీద పెట్టుకొని, "ఇది వద్దు టీచరమ్మా, పగుల్తది" అన్నడు. వాని నాలుక అర నిమిషం తీసుకున్నది. లెక్కలల్ల తప్పిండు గని, నా సబ్జెక్టుల వానికి ఎక్కువ మార్కులు వెయ్యాల్సుండె.

ఎర్రమట్టి తెప్పించినం. వరిగడ్డి కోసి కలిపినం. తొక్కడానికి మనుషులను పిలుస్తనంటె ఇమామ్ బీ చీర ఎగగట్టి తానే దిగింది. "డెబ్బై ఏండ్ల దానివి, జారితే నడుం ఇరుగుతది" అని అరిచిన. "నా గదికి నేనే తొక్కుత. రేపు గోడ పడితే నన్నే తిట్టు, నీకు పని దొరుకుతది" అన్నది. మల్లేశయ్య ఒక చెయ్యి పట్టుకున్నడు, నేను ఒక చెయ్యి పట్టుకున్న. ముగ్గురి వయసు కలిపితే రెండు వందలు దాటుతది. రమాకాంత్ ఫోన్ల వీడియో తీసిండు. తియ్యనిచ్చిన. ఆయన పిల్లలకు సామాన్యశాస్త్రం.

రెండు మూరలు లేచినయి. మూరకు వారం. ఆరిందా లేదా అని మల్లేశయ్య గోడకు చెంప ఆనించి చూస్తడు.

తప్పుల గురించి అడిగినవ్. 'కిటికి' అని రాసినవ్, చివర దీర్ఘం ఉండాలె. ఇంకోటి చిన్నదే. ఫోటోలు ఎందుకు, వచ్చి కండ్లతోనే చూస్తవు గద.

అమ్మమ్మ


ఉట్నూరు
మార్చి 13

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఇక్కడ పనోళ్లందరికి చదివి వినిపించిన. నాలుక పరీక్ష విని మా గోండు మేస్త్రి, "మేం వాసన చూస్తం, నాలుక పట్నపోళ్ల పద్ధతి" అన్నడు. మల్లేశయ్య తాతను పట్నపోన్ని చేసిండు. చెప్పు ఆయనకు.

ఒక్క మాట ఇయ్యి నాకు. ఏప్రిల్ పదికల్లా నానీ ఆ గదిల పండాలె. అలుకుడు పని మిగిలినా సరే, కిటికీలకు తలుపులు లేకున్నా సరే. ఎందుకింత తొందర అని అడగకు. పోయిన మే నెలల దవాఖాన బెంచీ మీద కూర్చున్నది నేను, ఆమె కాళ్లు నా ఒళ్ల పెట్టుకొని. నాకు ఆ భయం ఇంక పోలే, అనుకో.

కిటికీ దీర్ఘం సరే. ఇంకోటి ఏందో మళ్ల రాయనే లేదు. నిన్ను నేను ఎరుగనా?

యమున


ఇబ్రహీంపట్నం
మార్చి 24

చి. యమునకు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న రాళ్లవాన పడ్డది. గది బాగున్నది. ఇమామ్ బీ బాగున్నది. మల్లేశయ్య కూడ బాగున్నడు. నువ్వు వేళకు తిను. ఆరోగ్యం జాగ్రత్త.

అమ్మమ్మ


ఉట్నూరు
ఏప్రిల్ 1

అమ్మమ్మా,

ఏమైంది?

నాకు చదువొచ్చినప్పటి నుంచి నీ ఉత్తరాలు చదువుతున్న. నన్ను ఒక్క మాటన్నా దిద్దకుండ నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇది. తాత పోయినప్పుడు కూడ, నేను రాసిన ఓదార్పు ఉత్తరంల రెండు తప్పులు చూపించినవ్.

గుట్ట ఎక్కి మల్లేశయ్య తాతకు ఫోన్ చేసిన. ఆయన ఎప్పుడు చేసినా "అవ్ బిడ్డా, అయితది" అనుడే గద. ఈసారి "అవ్ బిడ్డా, అంత మంచిగనే ఉన్నది" అన్నడు. నేను ఇటు హలో హలో అంటున్న, ఆయన అటు ముక్కు చీదుకుంటున్నడు.

వానకు పడమటి గోడ తడిసిందా? ఎంత తడిసింది? దాచకు. చూరు మూడు అడుగులున్నది గద, ఎట్ల తడుస్తది?

యమున


ఇబ్రహీంపట్నం
ఏప్రిల్ 9

యమునా,

పడమటి గోడ తడిసిందా అని రాసినవ్. తప్పు. తడిసిపోయి ఊకోలే. పడ్డది.

చూరు మూడు అడుగులున్నదని రాసినవ్. అదీ తప్పే. చూరు ఒక్క అడుగే ఉన్నది. మూడు కొట్టేసి ఒకటి రాసింది నేను.

ఎందుకు రాసిన్నో కూడ చెప్త. ఇమామ్ బీకి ఎడమ కన్ను మసక. మూడు అడుగుల చూరు కిందికి దిగితే గది చీకటి అయితది, ఆ మనిషి పట్టపగలు గోడలు తడుముకుంట నడుస్తది అనుకున్న. బజార్ల ఏ ఇంటికి చూసినా సజ్జ అడుగు దాటలే. ఈ పిల్ల తొందరల ఒకటికి మూడు వేసిందనుకున్న. ఇన్నేండ్లు వేరేటోళ్ల కాగితాలు దిద్దిన చెయ్యి. తప్పు కనబడకపోతే అది నిద్రపోదు.

మల్లేశయ్య అన్నడు. వాసాలు కోసే ముందట, తలగుడ్డ చేతుల పట్టుకొని, "టీచరమ్మా, గొడుగు చిన్నగైతదేమో" అన్నడు. అప్పుడు నేనేమన్ననో తెలుసా? "నాలుగో తరగతిల మూడును ఒకటిని కలిపితే ఐదన్నోనివి, నాకు లెక్క చెప్తున్నవారా?" అన్న. కూలీల ముందట. వాడు నవ్విండు, తల వంచుకున్నడు, అడుగు కాడికి కోసిండు. తప్పని తెలిసి కోసిండు బిడ్డా. నలభై గోడలు పెట్టినోడు, నా ఒక్క మాటకు.

నీ ఉత్తరం వచ్చి చూరే గొడుగని చదివిన నాడే నాకు సంగతి తెలిసింది. అప్పటికి పెంకులు ఎక్కినయి. వానకాలానికి ఇంక మూడు నెలలున్నది, అంతల ఆరిపోతదిలే అనుకున్న. నీకు రాయలే. దిద్దుడు అలవాటున్నది గని, దిద్దించుకునుడు నాకు అలవాటు లేదు.

మార్చి ఇరవై రెండున, పగటి అన్నాలు తిన్నంక, పడమటి నుంచి వచ్చింది వాన. నిలువుగ పడలే, అడ్డంగ కొట్టింది. రాళ్లు. నాలుగో మూర పెట్టి అప్పటికి మూడు రోజులే. మల్లేశయ్య తాడ్‌పత్రి పట్టుకొని ఉరికిండు. ఒక కొస వాడు, ఒక కొస నేను, నడిమిట్ల ఇమామ్ బీ. గాలి మా ముగ్గురిని లెక్కనే చెయ్యలే. తాడ్‌పత్రి పోయి రమాకాంత్ బాల్కనీల పడ్డది. ఆ తర్వాత చెయ్యడానికేం లేకుండె. ముగ్గురం వంటింటి గడపల నిలబడి చూసినం. కింది మూర మెత్తబడ్డది, కడుపు ముందటికి వచ్చింది, విస్తరిల అన్నం ముద్ద పెట్టినట్టు గోడ కూర్చున్నది. నా చెవిని నమ్మక ఇమామ్ బీని అడిగిన, చప్పుడైందా అని. "లేదు టీచరమ్మా, సలాం చేసి పోయినట్టు పోయింది" అన్నది.

కప్పు కడీల మీద ఉన్నది కాబట్టి నిలబడ్డది. మిగిలిన మూడు గోడలు మంచిగున్నయి. పడ్డ మట్టి మళ్ల తొక్కి, మళ్ల పెట్టాలె. మూరకు వారం, అలుకుడుకు ఇంకో వారం, ఎండకు పగులకుండ చూసుకోవాలె. నువ్వన్న ఏప్రిల్ పది రేపే.

నిన్న ఇమామ్ బీ నాతోని, "నేను తొక్కిన మట్టి గద, నన్ను తిట్టు అన్న గద, తిట్టు" అన్నది.

రుక్కమ్మ


ఉట్నూరు
ఏప్రిల్ 19

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి కాగితం నలిపి పారేసిన. మళ్ల ఏరుకొని సాపు చేసుకున్న. కోపం వచ్చింది, దాచను. మల్లేశయ్య తాతను అన్న మాటకు ఎక్కువ వచ్చింది.

కాని చూరు మూడు అడుగులని గీసిన నేను, మూడు ఎందుకన్నది ఆ కాగితం మీద ఒక్క ముక్క రాయలే. రాసుంటే నువ్వు దిద్దకపోదువు. అది నా తప్పు.

ఇంకో తప్పు ఉన్నది. పోయిన మే నెలల డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పిండు, నానీ గుండె సగమే పనిచేస్తున్నదని. ఇంకోసారి గట్ల ఎండదెబ్బ తగిలితే ఓర్వదని. నానీ అంత విని నా చెయ్యి పట్టుకొని, "టీచరమ్మకు చెప్తే నా మీద ఒట్టు" అన్నది. అందుకే ఏప్రిల్ పది అన్న, కారణం చెప్పలే. చెప్పుంటే నువ్వు ఆ చూరు నాడే విప్పించి మళ్ల వేయించకపోదువా? నాకు అదే తిరుగుతున్నది తలకాయల.

ఇప్పుడు ఏం చెయ్యాల్నో నాకూ తెల్వదు. పెద్ద పెద్ద మీటింగులల్ల ఎండను తట్టుకునే ఇండ్ల మీద మాట్లాడొచ్చిన. స్లాబ్ మీద సున్నం కొట్టించు, గోనె సంచులు పరిచి నీళ్లు చల్లు, కిటికీలు పొద్దుగాల మూసి సాయంత్రం తెరువు, ఇంతే రాయగల్గుతున్న. వేరేకాడికి తీస్కపోదామంటె నానీ ఎక్కడికీ రాదని నీకు తెలుసు. ఇక్కడ కప్పు సగంల ఉన్నది, వదిలితే ఈ పిల్లల గోడలు కూడ గదే అయితయి. మే పద్దెనిమిదిన బయలుదేరుత. అంతకంటె ముందు కాదు. కాళ్లు కట్టేసినట్టున్నది అమ్మమ్మా.

యమున


ఇబ్రహీంపట్నం
మే 8

బిడ్డా యమునా,

తప్పు నీది కూడ అని రాసినవ్. తప్పును ఇద్దరు పంచుకుంటే సగం సగం కాదు. ఇద్దరి దగ్గర నిండుగనే ఉంటది. కాబట్టి నాది నాకు వదిలిపెట్టు.

గుండె సంగతి చదివినంక ఇమామ్ బీ ముందట కూర్చున్న. "నాకెందుకు చెప్పలే?" అన్న. "చెప్తే నన్ను గాజుబుడ్డి లెక్క చూస్తవు, తిట్టవు. నువ్వు తిట్టకపోతే నాకు పొద్దెట్ల పోతది?" అన్నది. అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు తిడుతున్న. మందుల లెక్క, పొద్దుగాల ఒకటి, సాయంత్రం ఒకటి.

ఒకటో తారీఖు కండ్లు తిరిగి పడ్డది. రెండు రోజులు దవాఖానల పెట్టుకున్నరు. పంపేటప్పుడు డాక్టర్, "చల్లగ ఉంచుండ్రి" అన్నడు. ఆ మందు ఏ దుకాణంల దొరుకుతదో చీటీ మీద రాయలే.

ఇంటికి తెచ్చినంక స్లాబ్ కిందికి తీస్కపోలే. మల్లేశయ్య, నేను మంచం మోసి మూడు గోడల గదిల వేసినం. బడి థర్మామీటర్ ఒకటి నా దగ్గర ఉండిపోయింది. నిన్న మధ్యాహ్నం స్లాబ్ కింద నలభై ఒకటి, ఇక్కడ ముప్పై ఆరు. ఒక దిక్కు తెరిచి ఉన్న గదికి ఐదు డిగ్రీల తేడా. నీ లెక్క కరెక్టు, బిడ్డా. పూర మార్కులు. ఐదు డిగ్రీలు ఆమె గుండెకు సాలుతయో లేదో ఏ పుస్తకంల రాసి లేదు.

మల్లేశయ్య చూరుకు ఇంకో రెండు అడుగుల వాసాలు అతికిండు. నేను గడపల నిలబడి చూసిన. ఆ ఎర్ర పెన్ను వానికే ఇచ్చిన. కడీ మీద మూర మూరకు గీత పెట్టుకుంటున్నడు. మట్టి సరిగ్గ పదునుకొచ్చేదాక మళ్ల పెట్టనన్నడు, పెట్టినంక మధ్యల ఒకపాలి పగిలితే తీసేసిండు. నాలుగు గీతలల్ల ఇప్పటికి రెండే లేచినయి. ఎండ ఇంత ఉన్నది గద, జల్దీ ఆరదా అని అడిగిన. "పైన ఆరుతది టీచరమ్మా, లోపల ఆరదు. తొందరపడితే మళ్ల కూర్చుంటది" అన్నడు. మల్లేశయ్యను తొందరపెట్టొచ్చు, మట్టిని పెట్టలేను. ఆమె గుండెను జర ఓపిక పట్టుమని చెప్పొచ్చు, అది నా శిష్యురాలు కాదు.

పగలు రెండు గంటలకు ఎండ దిగుతది. ఆ లేవని గోడ మీదికెళ్లి నేరుగ మంచం మీదికి వస్తది. మా దగ్గర గోనె సంచులు రెండే ఉన్నయి. తడిపి కట్టిన. పావు గంటకు ఎండిపోతయి. చెంబు పట్టుకొని ఐదింటి దాక నీళ్లు చల్లుత. సంచుల నడిమి సందుల నుంచి ఒక్క ఎండ గీత లోపలికి వస్తది, ఆమె మొఖం మీదికి నడుస్తది. నేను జరిగి నా నీడ అడ్డం పెడుత. డెబ్బై నాలుగేండ్లకు నా చూరు అంతే ఉన్నది.

ఆమె నిద్రపోతే ఊపిరి నాకు వినబడదు. చెవి లేదు గద. చెయ్యి ఛాతీ మీద పెట్టి చూస్తుంట. లేస్తది, తగ్గుతది. ఒక్కోపాలి ఆలస్యమైతది. అప్పుడు నేను వెనుకకు గోడకు ఆనుకుంట. వీపుకు చల్లగ తగుల్తది. గోడ ఊపిరి పీల్చదు, అది నేను ఇప్పటికీ ఒప్పుకోను. పీలిస్తే బాగుండునని మాత్రం ఈ మధ్య అనిపిస్తున్నది, ఆమెకు జర అప్పు ఇస్తుండె.

పద్దెనిమిదిన బయలుదేరుత అన్నవు. ఎల్బీనగర్ల దిగి జర హయత్‌నగర్ దాక పో. అక్కడ పప్పుల దుకాణాలల్ల జనపనార సంచులు ఆరు అడుగు. ఇక్కడ ఎక్కడ అడిగినా ప్లాస్టిక్ సంచులే ఇస్తున్నరు, వాటి మీద నీళ్లు నిలువయి, కారిపోతయి. అక్కడ కూడ అవే అంటగట్ట చూస్తరు, తీసుకోకు. చారెడు నీళ్లు చల్లి, పీల్చుకున్నదే తీసుకో. దుకాణపోడు నవ్వుతడు, నవ్వనియ్యి. కుట్లు విప్పించకు, అవి నేను విప్పుకుంట. ఎట్లనన్న చేసి, పగలు రెండు కాకముందే ఇల్లు చేరు.

అమ్మమ్మ